పాతది పారవేయని పెద్దమనిషి

ప్రతి వీథిలోను ఇట్టి పెద్దమనిషి ఒక్కరైనను ఉందురు. ఏండ్ల తరబడి పొగచూరిన వంటింటిని గ్రానైటు గట్టుతోను, గోడబీరువాలతోను బాగుచేయింపవలెనని ఇల్లాలును, పిల్లలును చేసిన విన్నపమును ఆయన మనఃపూర్వకముగనే అంగీకరించును, కాని తాపీమేస్త్రి గునపమెత్తిన మరుక్షణమే కుర్చీ తెచ్చి గుమ్మమునకడ్డముగా వేసికొని, గోడనుండి ఊడివచ్చు ప్రతి వస్తువును "మెల్లగా నాయనా, మెల్లగా! అది మళ్లీ పనికొస్తుంది" అనుచు మంత్రసానివలె చేతులు చాచి అందుకొనును.

ఆయన వాదమున న్యాయము లేకపోలేదు. కడపబండ సున్నపురాతిజాతి యగుటచే చింతపండు పులుసునకు, నిమ్మరసమునకు మచ్చలు పడి గట్టుమీద శోభ తరిగినను, తిరుగవేసి అలమారలో అరగా నిలిపినచో మరియొక తరమువరకు పప్పుడబ్బాల బరువు మోయగలదు. ఇత్తడి కుళాయి కారుచున్నదన్న, తరచుగా దోషము కుళాయిది గాక లోపల అరిగిన వాషరుదై యుండును. టేకు తలుపునకు కావలసినది చిత్రికపట్టుటయు, క్రొత్త మడతబందులును మాత్రమే. ఇంతటితో ఆగినచో ఆయననుగూర్చి వ్రాయవలసిన పనియే లేకపోయెడిది.

ఆయన ఆగరు. పాత స్టీలు సింకు కొలతకు క్రొత్త గ్రానైటు పలకను కోయించును. కోసిన పిమ్మటగాని సింకు అంచు ఒకమూల వంగియున్న సంగతి బయటపడదు. పాత తలుపులు క్రొత్త అరలకంటె నాలుగంగుళములు పొట్టియని వడ్రంగి విన్నవించుకొనగా, తలుపులు మార్చుటకు మనసొప్పక గట్టునే దింపించును. 32 అంగుళముల ఎత్తున నుండవలసిన గట్టు 28 అంగుళములకు దిగును. దిగినందున రెగ్యులేటరు తగిలించిన సిలిండరు క్రింద ఇమడక నడిదారిలో నిలుచును. వంగి కూరలు తరుగుచున్న ఇల్లాలు, "మీ తలుపులు నిలబడ్డాయి గాని, నా నడుమే నిలబడటం లేదండీ" అన్నచో, "కొత్త తలుపుల ఖరీదెంతో తెలుసునా నీకు?" అని ఆయన ప్రత్యుత్తరము. ఎక్కడను అమరని సామానంతయు అటకకెక్కవలసినదే గదా. పాత అటకను అంతకుముందే కూలగొట్టించి యుండుటచే, దానికొరకై క్రొత్త అటక కట్టింపబడును.

లెక్కలలో మాత్రము ఆయనకు నష్టమెన్నడును రాదు. మిగిల్చిన సొమ్మును పద్దుపుస్తకపు మొదటి పుటలోను, మేస్త్రికిచ్చిన అదనపు కూలిని చివరి పుటలో "ఇతరములు" అను శీర్షిక క్రిందను వ్రాసికొనుటచే ఆ రెండంకెలును ఒండొంటిని చూచుకొను అవకాశము లేదు.

అయినను రాయి, ఇత్తడి, టేకు – ఈ మూడింటిని చెత్తబండి కెక్కించువారికంటె ఆయన వేయిరెట్లు వివేకి. తక్కిన సామాను విషయమున మాత్రము, పాఠకులారా, దానిని తిరిగి అమర్చుటకగు కూలిని మేస్త్రిచేత ముందుగా చెప్పించుకొని, క్రొత్తదాని ఖరీదు ప్రక్కనే, అదే పుటలో వ్రాసికొనుడు.