అడ్డుకునేదీ నేనే, దాచేదీ నేనే

నేను తీగచుట్టను. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ నన్ను ఇనుప లాడం మీద చుట్టి విద్యుదయస్కాంతం చేశాడు. కానీ నాకు అసలు బలం వచ్చింది అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ అకాడమీలో. స్టర్జన్ ఇనుముకు వార్నిష్ పూసి, దాని మీద వట్టి తీగను ఎడంగా చుట్టాడు. ఆల్బనీ ఉపాధ్యాయుడు జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు తొడిగాడు. దాంతో చుట్టు పక్కనే చుట్టు, వరుస మీద వరుస వేయడం కుదిరింది. 1831లో యేల్ కళాశాల కోసం ఆయన చేసిన అయస్కాంతం రెండు వేల పౌండ్లు దాటిన బరువును, అంటే 900 కిలోలకు పైగా, నిలబెట్టింది. అందులో రాగీ కొత్తది కాదు, ఇనుమూ కొత్తది కాదు. పెరిగినవి చుట్లు. ఒక్కో చుట్టు పుట్టించే క్షేత్రం పక్క చుట్టు క్షేత్రంతో కలిసి బలపడుతుంది. సన్నగా, మీటరు పొడవున వెయ్యి చుట్లు వేసి ఒక ఆంపియర్ కరెంటు పంపితే, ఇనుము లేకపోయినా నా లోపలి క్షేత్రం భూమి క్షేత్రానికి దాదాపు 25 రెట్లుంటుంది.

ఈ బలాన్ని లోకం మెచ్చుకుంది. నా రెండో గుణమైన ప్రేరకత్వాన్ని మాత్రం అడ్డంకిగానే చూసింది. కరెంటు పెరగబోతే పెరగనివ్వను, తగ్గబోతే తగ్గనివ్వను, నిజమే. కానీ ఆ ఎదురు వెనక ఉన్నది నిల్వ. ఇందుకు సాక్ష్యం హెన్రీ 1832లో ప్రచురించిన వ్యాసంలోనే ఉంది. విద్యుదయస్కాంత ప్రేరణను ముందుగా ప్రకటించింది ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడేయే అయినా, తీగ తన కరెంటుకు తానే స్పందిస్తుందని అచ్చులో చెప్పిన తొలి వ్యాసం ఇది. చిన్న బ్యాటరీకి అడుగు పొడవు తీగ కలిపి తీస్తే రవ్వ కనిపించలేదు. ముప్పై నలభై అడుగుల తీగతో కలిపినప్పుడు ఏమీ లేదు, విడదీసినప్పుడు మాత్రం రవ్వ మెరిసింది. ఆ తీగనే చుట్టగా చుడితే రవ్వ ఇంకాస్త పెరిగింది. పొడవైన తీగకు నిరోధం ఎక్కువ, కాబట్టి కరెంటు తగ్గాలే తప్ప పెరగదు. మరి ఆ రవ్వకు శక్తి ఎక్కడిది? కరెంటు పెరుగుతున్నంతసేపూ బ్యాటరీ నా చుట్టూ ఉన్న క్షేత్రంలోకి చేర్చినదే అది. బరువెక్కిన ఎడ్లబండిని కదిలించడం ఎంత కష్టమో ఆపడమూ అంత కష్టమే. రెండింటికీ కారణం ఒక్కటే.

నేను వేడెక్కి కరెంటు వృథా చేస్తానని ఒక అభ్యంతరం. ఆ వేడి రాగి నిరోధం వల్ల పుట్టేది, ప్రేరకత్వం వల్ల కాదు. ఎమ్మారై యంత్రాల్లో ద్రవ హీలియంతో చల్లబరచిన అతివాహక తీగతో నన్ను చుడతారు. నిరోధం పోయిన ఆ చుట్టలో, బయటి సరఫరా తీసేసినా కరెంటు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఏసీ లైన్లలో నేను వోల్టేజీ తగ్గిస్తానన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. అది నిజం. నాతో ఇచ్చిపుచ్చుకునే శక్తి కోసం లైన్లు అదనపు కరెంటు మోయాలి, అందుకే ఇంజనీర్లు కెపాసిటర్లు పెడతారు. అయినా ఒక్కో ఏసీ ఆవర్తనంలో ఒక పావు భాగంలో తీసుకున్నది తర్వాతి పావులో తిరిగి ఇచ్చేస్తాను. తీసుకుని తిరిగిచ్చేదాన్ని నష్టం అనకూడదు.

1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నా ప్రేరకత్వానికి ప్రమాణంగా హెన్రీ పేరు పెట్టింది. పొడవు, వెడల్పు మార్చకుండా చుట్లు రెట్టింపు చేస్తే ఆ విలువ నాలుగు రెట్లవుతుంది. అదే కరెంటుకు నాలో నిలిచే శక్తీ నాలుగు రెట్లే. పెట్రోలు కారులో 12 వోల్టుల బ్యాటరీ స్పార్క్ ప్లగ్గుకు వేల వోల్టులు అందించగలుగుతోందంటే, కరెంటు తెగిన క్షణంలో నేను దాచినది ఒక్కసారిగా వదలడం వల్లే. నా ఎదురును పూర్తిగా తీసేయాలనుకునేవారు నా నిల్వనూ వదులుకోవాలి. ఆ రెండూ ఒకే గుణం.