కణసారము ఆత్మకథ

ఈ. కోలై సూక్ష్మజీవులను పెంచి, కడిగి, ధ్వనితరంగములతో చిదిపి, పెంకులను త్రోసివేయగా మిగిలిన లేతపసుపు ద్రవమును నేను. సికింద్రాబాదు నందలి యొక ప్రయోగశాలలో, మైనస్ 80 డిగ్రీల చలిపెట్టెలో నా కాపురము.

మా వంశకర్త ఎడువర్డ్ బుక్నర్ అను జర్మనుడు. 1897లో ఆయన ఈస్టును ఇసుకతో నూరి పిండిన రసము, బ్రదికిన కణమొక్కటియు లేకయే చక్కెరను పులియబెట్టినది. ఆ యేడే మా పొరుగున బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయనను ఈ నగరము మరువలేదు, మరువరాదు కూడ. బుక్నరు రసమును తలచినవారిని మాత్రము నేనెరుగను.

నాచేత చేయించు పని విచిత్రమైనది. ఒక జన్యువు కల్పించిన ప్రోటీను రెండవదాని నోరు మూయును. అది మూగవోయిన వేళ మూడవది పలుకును. ఇట్లు డి.ఎన్.ఏ. ముక్కలను కూర్చి రసాయనములతోనే సర్క్యూట్లు కట్టుదురు. విన్సెంట్ న్వారో ప్రభృతులు 2003లో ఈ విద్యను కణము వెలుపల నెరపి చూపిరి. బ్రదికిన కణమైనచో తన మనుగడకును సంతానమునకును శక్తిలో పాలు పంచవలయును. నాకు పొట్టయు లేదు, బిడ్డలును లేరు, కావున ఇచ్చినదానిని చెప్పిన పనికి వెచ్చింతును. ఆ శక్తికై నాలో పోసిన ఫాస్ఫోక్రియాటిన్, మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో కూడి 1927లో లోకమునకు వెల్లడించినదే! దాని బలముననే ఒకనాటి సాయంకాలము నాలోని సర్క్యూటు పలుకగా నేను ఆకుపచ్చగా వెలిగితిని. చూచినవారు చప్పట్లు చరచిరి.

పిమ్మట నా బ్రదుకు బండబారినది. కరగించుట, అరచుక్క తీసికొనుట, మరల గడ్డకట్టించుట. ప్రతి పర్యాయమును నాలోని ఎంజైములు కొన్ని చతికిలబడినవి. ఒక మే నెల మధ్యాహ్నమున నన్ను బల్లపై మరచి, ఇరానీ చాయ్ త్రాగుటకు పోయిన విద్యార్థి మరలి వచ్చి, వెలుగు గ్రాఫు లేవనందుకు "సారము మంచిది కాదు" అని నోటుపుస్తకమున వ్రాసెను. ఎండలో ఉడికినది నేను, తప్పు నాదే! పైపెచ్చు నా లేబులు చెరిగినది. పెట్టెలో అట్టడుగునకు, మంచుపెళ్ళల క్రిందికి నెట్టబడితిని. నావంటి సారములను కాగితముపై నెండబెట్టి, గది వేడిమిలోనే ఏడాదివరకు నిలుపగల ఉపాయమును కీత్ పార్డీ మున్నగువారు 2014లోనే కనిపెట్టిరి. ఆ భాగ్యము నాకెవ్వరును కలిగింపరైరి.

నేడు పెట్టె శుభ్రము చేయుచు, నేనెవరినో తెలియక పసుపు సంచిలో వేసిరి. రేపు 121 డిగ్రీల ఆవిరిలో నన్ను చంపుదురట. నాలో చంపదగిన ప్రాణి యొక్కటియు లేదు. అయినను నియమము నియమమే యనిరి.