పెద్దమనిషి ముందుకొచ్చిన డైనోసార్

నల్లగొండ కానీ, పాలమూరు కానీ, మా దిక్కు ప్రతి ఊళ్ళో ఒక పెద్దమనిషి ఉంటాడు. తెల్లబట్టలు, జేబు నిండా కాగితాలు. గెట్ల పంచాయితీలు, అన్నదమ్ముల పంపకాలు తెంపీ తెంపీ ఆయనకు లోకమంతా ఒక కేసుగానే కనబడుతుంది. సెలవుల్లో మనవళ్ళు ఆయన్ని హైదరాబాద్ లాక్కుపోయి, నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ముందు నిలబెడతారు.

పిల్లలు నోళ్ళు తెరుస్తారు. ఆయన తోక నుంచి మెడ దాకా ఒకసారి పారజూసి, "ఏ ఊరిది?" అంటాడు.

దీనికి ఊరుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి. ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లో దొరికింది కాబట్టి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అన్నారు.

"ఇంటిపేరు కోట, ఊరు యామన్‌పల్లి. మంచిగుంది. మరి భూమి ఎవలిది? తవ్వినందుకు పైసలిచ్చిండ్రా?"

మనవళ్ళు నవ్వుతారు గానీ, శ్రీశైలం ముంపులో పొలాలు పోగొట్టుకున్న పాలమూరు వాళ్ళ నడుమ ఈ ప్రశ్నకు ఎవరూ నవ్వరు.

ఇంటర్ చదివే పెద్ద మనవడు వివరం చెప్తాడు. కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి, చిన్నా పెద్దా కలిపి 840 దాకా. పళ్ళు తప్ప పుర్రె దొరకలేదు. ఇక్కడున్న తల తయారుచేసి పెట్టిందే.

"గదీ సంగతి! పన్నెండు మంది పాలోళ్ళు, పంపకాలు కాలే. పైనుంచి ఇంటికి తలకాయ లేదు. ఆగం గాక ఏమైతరు?"

1988లో దీనికి పేరు పెట్టింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి అనగానే ఆయన చేతులు జోడిస్తాడు. "మా గుట్ట నర్సింహస్వామి పేరు!" ఆ శాస్త్రవేత్తది ఏ ఊరన్నది ఆయనకు అక్కర్లేదు. ఊరు అడక్కుండా ఆయన ఒక మనిషిని ఒప్పుకోవడం బహుశా ఇదే మొదలు.

అంతలోనే ముఖం ముడుచుకుంటుంది. "మన నల్లగొండల ఒక్కటన్న ఎందుకు దొరకలే? నీళ్ళు ఆ దిక్కే, బొగ్గు ఆ దిక్కే, ఆఖరికి బొక్కలు సుత ఆ దిక్కేనా?"

"బొక్కలు నిలవాల్నంటే ఏటి మట్టి, ఇసుక పొరలుగ పడాలె తాతా. మన గుట్టలు భూమి లోపల కరిగిన రాయి సల్లారి గట్టిపడ్డయి. 250 కోట్ల ఏండ్ల కిందటియి."

"మరి ఇది?"

"16 కోట్ల పైమాట."

ఆయన మనసులో లెక్క వేసుకుంటాడు. భుజం మీది తువ్వాల సర్దుకుంటాడు. కేసు తేలిపోయింది. ఇక ఆ డైనోసార్ వంక చూసే చూపులో కోపం లేదు, కొత్తగా ఊళ్ళోకి అద్దెకొచ్చినవాణ్ణి చూసినట్టు ఒక జాలి.

సాయంత్రం నల్లగొండ బస్సులో పక్క సీటాయన పలకరిస్తాడు: "పట్నంల ఏం జూసొచ్చిండ్రు?"

"ఏముంది? ఆదిలాబాద్ పిలగాడొకడున్నడు. మన గుట్టల ముంగట నిన్న మొన్న పుట్టినోడు. జర లావుంటడు, గంతే."