నేను చెప్పిన సాక్ష్యం

నేను ఒంటిగొట్టం కేపు తుపాకిని. పుట్టింది బీహారులో, గంగ ఒడ్డున తుపాకుల పనికి పేరుపడ్డ ముంగేరులో. బతికిందంతా బళ్ళారికి తూర్పున, హగరి దాటాక వచ్చే ఒక నల్లరేగడి పల్లెలో, ఇంట్లో తెలుగూ సంతలో కన్నడమూ మాట్లాడే రైతు కుటుంబంలో.

నాలో తూటా పెట్టరు. అన్నీ గొట్టం మూతి నుంచే పోయాలి. ముందు తుపాకిమందు, దాని మీద కొబ్బరిపీచు ఉండ, వాటిని గజంతో దట్టించాక సీసపు గుండ్లు, అవి దొర్లిపోకుండా మళ్ళీ ఒక గుడ్డపీలిక. ఆ మందులో నాలుగింట మూడు వంతులు సురేకారమే, మిగిలింది బొగ్గూ గంధకమూ. చివరగా గొట్టం వెనకవైపు ముక్కు మీద రాగి కేపు తొడుగుతారు. గుర్రం అనే సుత్తిని వెనక్కి లాగితే టక్కుమని నిలబడుతుంది, మీట నొక్కితే కేపు మీద పడుతుంది. ఒక్క దెబ్బే. అది తప్పితే మళ్ళీ దట్టించుకునేసరికి జింకలమంద పొలిమేర దాటిపోయి ఉంటుంది. అందుకే నన్ను పట్టుకున్నవాడి చేతిలో బరువు ఎక్కువ. ఉన్న ఒక్క దెబ్బ ఎప్పుడు వాడాలో వాడే తేల్చుకోవాలి.

1878 నాటి ఆయుధాల చట్టం కింద ఇచ్చిన నా లైసెన్సులో నా పని పంట రక్షణ అని రాసి ఉండేది. అది కల్ల కాదు. రేగడి నేలలో శీతకాలపు జొన్న పాలు పోసుకునే వేళకు కృష్ణజింకలు దిగేవి. మగదాన్ని మావాళ్ళు ఇర్రి అనేవాళ్ళు, కన్నడంవాళ్ళు చిగరి అనేవాళ్ళు. వీపు నలుపు, పొట్ట తెలుపు, కళ్ళ చుట్టూ తెల్లని వలయం, మెలితిరిగిన కొమ్ములు. ఆడవి, పిల్లలు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. తిన్నదానికంటే తొక్కిందే ఎక్కువ నష్టం. కంకి విరిగిన చేను చూసి గట్టు మీద కూలబడ్డ ఆడవాళ్ళను నేను చూశాను. జింకను తలుచుకుంటే మనసు కరిగేవాళ్ళు ఈ ముక్క కూడా తలుచుకోవాలి.

అయితే పంటకోసమే వేట అంటే అదీ పూర్తి నిజం కాదు. మాంసం రుచి ఉంది, మగతనం అనే మాట ఉంది. ఇది పాత సంగతే. హంపిలో మహానవమి దిబ్బ గోడల నిండా వేట బొమ్మలున్నాయి. రాతిలో చెక్కిన ఆ వేటగాళ్ళలో ఒక్కడి చెయ్యీ మధ్యలో ఆగిపోదు. ఎత్తిన ఆయుధం ఎత్తినట్టే ఉంటుంది, జింకకు తగిలే తీరుతుంది. పిల్లలు చూసి పెరిగేది ఆ బొమ్మలనే. చెయ్యి ఆగిపోయినవాడి బొమ్మ ఎవరు చెక్కుతారు?

నేను చెప్పబోయేది అలా ఆగిన చెయ్యి సంగతి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి తాలూకా ఎటన్నదాని మీద పెద్ద గొడవ నడిచి, జస్టిస్ మిశ్రా కమిషన్ వేసి, చివరికి మైసూరుకిచ్చారు. మా రైతు చెల్లెలి ఊరు ఆంధ్రలో పడింది, ఆయన ఊరు మైసూరులో. సరిహద్దు తెలియనివి జింకలే. ఆలూరు వైపు పడుకుని మా వైపు మేసి పోయేవి.

తర్వాత వచ్చిన పుష్యమాసంలో రైతు తన పెద్దకొడుకు చేతికి నన్నిచ్చాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు. మట్టికుండల మీద, చింతమాను బెరడు మీద గురి నేర్చుకున్నాడు. కుండలు పగలగొట్టడంలో అతని చెయ్యి ఒక్కసారీ వణకలేదు. వెంట ఒక బోయ తాత వచ్చాడు. ఆ తాతకు నేలే పుస్తకం, పెంటికలు వేలితో చిదిమి మంద ఎంతసేపటి కింద పోయిందో చెప్పేవాడు.

మా బయలులో జింకను కొట్టే పద్ధతి ఒకటుంది. మనిషి నడిచి వస్తే అర్ధమైలు దూరంలోనే లేచిపోతాయి. ఎద్దులబండిని మాత్రం అవి లెక్కచెయ్యవు. రోజూ చూసే బండే కదా. అందుకని బండిని మంద వైపు నేరుగా కాకుండా పక్కగా, చుట్లు చుట్లుగా తోలుకుంటూ, చక్రం చాటున నడుస్తూ దగ్గరవుతారు. తెల్లదొరలు కూడా ఈ పద్ధతిలోనే కొట్టేవాళ్ళు.

మంచు విడవలేదు. తాత కాడి పట్టుకుని నడుస్తున్నాడు, పిల్లవాడు చక్రం పక్కన నన్ను పొట్టకు ఆనించుకుని వంగి నడుస్తున్నాడు. మంద దూరంగా ఉంది, గురి అందదు. ఇంకా ఒక చుట్టు తిరగాలనుకుంటున్నప్పుడు, ఎవరూ చూడని దిక్కున, జొన్నసాలు చీల్చుకుని ఒక ఇర్రి బయటికొచ్చింది. మందకు దూరంగా ఒంటరిగా మేస్తున్నదేమో. ఇరవై గజాలు కూడా లేదు. పక్కకు తిరిగి నిలబడింది. వేటగాడు కోరుకునే నిలబాటు అది. భుజం వెనక గుండె ఉండే చోటు నా మూతికి నిండుగా కనిపిస్తోంది.

పిల్లవాడు గుర్రం లాగాడు. టక్కుమంది. ఆ చప్పుడుకు ఇర్రి తల తిప్పింది.

నోట్లో సగం నమిలిన జొన్నాకు వేలాడుతోంది. ముక్కుపుటాలు తడిగా మెరుస్తున్నాయి. కంటి కింద ఉండే గ్రంథి చీలిక విచ్చుకుంది. కొమ్ముల మీద కణుపు కణుపునా మంచుచుక్కలు. అంత దగ్గర.

అతని చెంప నా కర్రకు ఆని ఉంది. ఆ ఎముక గుండా అతని నెత్తురు కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. బండి చాటున నడుస్తున్నంతసేపూ దడదడమంటూ ఉండింది. ఇర్రి చూపు కలిసిన క్షణాన ఆ దడ తగ్గింది. తగ్గి, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య ఇంత ఎడం వచ్చింది. ఊపిరి నిలిచిపోయింది. నన్ను పట్టుకున్న వేళ్ళు బిగుసుకుని చల్లబడ్డాయి. చూపుడువేలు మీట మీదే ఉంది, కానీ దానికి ఏ కబురూ అందడం లేదు.

"కొట్టప్పా," అన్నాడు తాత గుసగుసగా. "కొట్టు, కొట్టు."

ఇర్రి గాల్లోకి లేచింది. గంటకు ఎనభై కిలోమీటర్లు పరుగెత్తగల జంతువు. రెండు గెంతుల్లో చేను దాటింది, దూరాన మందంతా దానితో లేచిపోయింది. పిల్లవాడు మాత్రం ఖాళీ చేను వైపు గురిపెట్టి అలాగే నిలబడి ఉన్నాడు. తాత వచ్చి నా మూతిని మెల్లగా కిందికి దించి, గుర్రాన్ని వేలితో పట్టుకుని కిందికి వాల్చాక గానీ అతనికి ఊపిరి రాలేదు.

"నొక్కినా తాతా," అన్నాడు. "నొక్కినా, ఇది పేలలేదు."

అతను అబద్ధమాడలేదు. ఇది నేను ఎవరి ముందైనా చెబుతాను. మనసులో నొక్కాడు, వేలు నొక్కలేదు, ఆ తేడా అతనికి తెలియలేదు. ఇలా కొయ్యబారినవాళ్ళలో కొందరికి తాము పేల్చామనే గుర్తుంటుందట.

ఇంటికొచ్చాక అదే మాట తండ్రితో చెప్పాడు. ఆయన ఏమీ మాట్లాడలేదు. నన్ను అందుకున్నాడు. కేపు తీసి చూసి, మళ్ళీ అదే కేపు తొడిగాడు. వాకిట్లో అందరూ చూస్తుండగా ఆకాశం వైపు ఎత్తి మీట నొక్కాడు.

నేను పేలాను. గూట్లో పావురాలన్నీ లేచిపోయాయి.

పేలడమే నా ధర్మం. ఇంకోలా చెయ్యడం నాకు రాదు. కానీ ఆ మోతతో ఆ ఇంట్లో ఒక మనిషి పిరికివాడని తీర్పయిపోయింది, సాక్ష్యం నాది. నాకు తెలిసిన రెండో సాక్ష్యం, ఆ నెత్తురు నెమ్మదించిన సంగతి, చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న ఒక్క నోరూ పేలడానికే పనికొస్తుంది.

"ఆడంగి చెయ్యి," అన్నాడు తండ్రి. ఊళ్ళో ఆ మాట పాకింది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నారు. తల్లి ఒక్కతే అడ్డం నిలిచింది. "పాండురాజు కథ ఇన్లేదా మీరు? జింకని కొడితే ముని చచ్చె. నా బిడ్డ చెయ్యి దేవుడు పట్టుకున్యాడు," అంది. ఆమె ప్రేమ గొప్పది. కానీ ఆ మాట కూడా అతనికి ఊరటనివ్వలేదు. దేవుడు పట్టుకున్నాడనుకోవడానికి అతనికి లోపల ఏ దయా కలిగిన గుర్తు లేదు. ఏమీ గుర్తు లేదు, ఆ జొన్నాకు తప్ప.

తండ్రి పోయాక నేను అతని పేరు మీదికి మారాను. అప్పటినుంచి నాలో సీసం పడలేదు. మందు, పీచు మాత్రం దట్టించి, మంద చేలోకి దిగినప్పుడు గట్టు మీద నిలబడి పైకి పేల్చేవాడు. జింకలు లేచిపోయేవి, పంట నిలిచేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టినప్పుడు చుట్టుపక్కల తుపాకులున్నవాళ్ళు గొణిగారు. చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు అన్న కట్టడి తర్వాత బిగిసింది. మా ఇంట్లో కొత్తగా మారిందేమీ లేదు. మా వైపు జింకలు తగ్గింది చట్టానికి ముందే. తుంగభద్ర కాలువలు వచ్చి బయలు నేలలు మడులయ్యాయి, వాటికి పరుగెత్తే చోటు పోయింది. ఆలూరు, ఆదోని మెట్ట చేలలో ఇప్పటికీ ఉన్నాయి, రైతులు ఇప్పటికీ తల పట్టుకుంటున్నారు.

అతను ముసలివాడయ్యాడు. ఒక మనవరాలు బళ్ళారి విమ్స్‌లో డాక్టరు చదువుకు చేరింది. సెలవులకొచ్చిన ఒక సాయంత్రం నా గొట్టానికి కొబ్బరినూనె రాస్తూ ఆయన ఎవరికీ చెప్పనిది ఆ పిల్లకు చెప్పాడు. నొక్కాననుకున్నది, పేలలేదనుకున్నది, వాకిట్లో పేలింది, అన్నీ.

ఆమె నవ్వలేదు. "ఊపిరి ఆగిందా తాతా? ఒళ్ళు చల్లబడిందా?" అని అడిగింది. తర్వాత చెప్పింది. ప్రమాదమో, పట్టలేని ఉద్వేగమో అనుకోనంత దగ్గరికొస్తే శరీరం ఆక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి తొక్కుతుందట. అడ్రినలిన్ ఒళ్ళంతా పారుతూనే ఉంటుంది, మెదడు అడుగున ఉండే పాత భాగం మాత్రం కండరాలను బిగించి ఆపేస్తుంది, గుండె వేగం తగ్గిస్తుంది. అమెరికాలో తెల్లతోక జింకపిల్లల గుండెచప్పుడు కొలిచి చూశారట, ముప్పు దగ్గరికి రాగానే పిల్ల నేలకు అతుక్కుని గుండె నెమ్మదిస్తుందట. మనుషుల్లోనూ ఆ ఏర్పాటు పోలేదు. అక్కడి వేటగాళ్ళు బక్ ఫీవర్ అని పేరే పెట్టుకున్నారట, కొత్తవాళ్ళకేమిటి, ఆరితేరినవాళ్ళకూ వస్తుందట. పోలీసులకూ సిపాయిలకూ ఒకే కదలికను విసుగొచ్చేదాకా చేయించేది ఇందుకే.

"అయితే అది పిరికితనం కాదా?"

"కాదు తాతా. నీ ఒళ్ళు దాని పని అది చేసింది."

ఆయన నూనెగుడ్డ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "ఈ మాట మా నాయన ఉన్నప్పుడు చెప్పేవాళ్ళు ఉండింటే," అన్నాడు.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికలకు, ఎప్పటిలాగే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించమన్నారు. బెంచీల మీద చుట్టుపక్కల ఊళ్ళ రైతులు, వాళ్ళ కొడుకులు కూర్చుని ఉన్నారు. రసీదు రాస్తున్న రైటరు నా పాత గొట్టాన్ని చూసి, "పెద్దాయనా, చట్టం రాకముందు దీంతో ఎన్ని కొట్టింటారు?" అని అడిగాడు.

"ఒక్కటీ కొట్లేదు సార్," అన్నాడాయన, అందరికీ వినబడేలా. "ఒకటి ఇంత దూరంలో నిలబడె. నా చెయ్యి కదల్లేదు." తర్వాత బెంచీ మీది కుర్రవాళ్ళ వైపు తిరిగి, నోట్లో జొన్నాకు దగ్గర మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాడు.