ఏటా ఎన్ని గ్రాముల కుదురు కావాలి?

మహారాజశ్రీ అడ్మినిస్ట్రేటర్ గారి సముఖమునకు,
మాదకద్రవ్యాల నిరోధక సంస్థ (డీఈఏ), ఆర్లింగ్టన్, వర్జీనియా, అమెరికా.

విషయం: పిల్లలను కుదురుగా కూర్చోబెట్టు మందుకు తమరు ఏటా ప్రకటించు కోటా – అభ్యంతరములు సమర్పించుకొనుట గురించి.

ఆర్యా,

నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. ప్రస్తుతం టెక్సస్‌లో మా అమ్మాయి ఇంట్లో, విజిటర్ వీసా మీద ఉన్నాను. పొద్దున్నే అందరూ ఆఫీసులకీ బడికీ వెళ్లిపోయాక ఇంట్లో నేనూ డిష్‌వాషరూ మిగులుతాం. అలాంటి ఒక పూట, మీ దేశపు గెజిట్టులో మీ సంస్థ వేసే పట్టిక నా కంటబడింది. వచ్చే ఏడాది దేశంలో మార్ఫిన్ ఎంత తయారు కావచ్చు, ఫెంటనిల్ ఎంత, కొకైన్ ఎంత అని గ్రాములతో సహా లెక్కగట్టి, అభ్యంతరాలుంటే చెప్పుకొమ్మని జనానికి గడువు కూడా ఇస్తారట. ఎంత మర్యాద! మా ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కడ కట్టాలో కూడా మమ్మల్ని ఎవరూ అడగలేదు. అందుకని ఈ అవకాశం వదులుకోబుద్ధి కాలేదు.

ఆ పట్టికలోనే మిథైల్‌ఫెనిడేట్ అనే పేరుంది. జనం నోట్లో రిటాలిన్. 1944లో స్విట్జర్లాండ్‌లో సీబా కంపెనీ రసాయనవేత్త లియాండ్రో పనిజోన్ దాన్ని తయారుచేశాడు. తర్వాత భార్య రీటా పేరు మీద మందుకు పేరు పెట్టాడు. భార్య పేరు ఇంటికి పెట్టుకున్నవాళ్లని చూశాను గానీ బిళ్లకి పెట్టినవాణ్ని ఇతన్నే చూశాను. 1971 నుంచి అది మీ నియంత్రిత మందుల రెండో షెడ్యూల్లో, కొకైన్, మార్ఫిన్ల సరసన కూర్చుంది. చీటీ ఒకసారి వాడితే అయిపోయినట్టే, మళ్లీ కొత్త చీటీ రాయించుకోవాలి. ఈమధ్య ఏళ్లలో ఈ ఒక్క మందు కోటాయే నాలుగు కోట్ల గ్రాములు దాటింది. లెక్కల మేష్టారిని కదా, వెంటనే టన్నుల్లోకి మార్చుకున్నాను. నలభై టన్నుల పైచిలుకు. అంతా పిల్లలే మింగరు, నిజమే. పెద్దవాళ్లున్నారు, ఎగుమతి ఉంది, నిల్వ ఉంది. అయినా మీ ప్రభుత్వమే చేసిన సర్వే ప్రకారం 2022 నాటికి మూడు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల్లో సుమారు 70 లక్షల మందికి ఏడీహెచ్‌డీ, అంటే కుదురూ ధ్యాసా నిలవని సమస్య, ఉందని ఎప్పుడో ఒకప్పుడు తేల్చారు. అంటే నూటికి పదకొండు మంది. నేను పాఠం చెప్పిన ప్రతి సెక్షన్లోనూ వెనక రెండు బెంచీలు ఖాళీ అయిపోయేవన్నమాట.

నా సందేహం ఒక్కటే. ఈ అంకె మీకు ఎక్కణ్నుంచి వస్తుంది? చీటీలు పెరిగితే కోటా పెరుగుతుంది, సరే. చీటీ ఎక్కణ్నుంచి వస్తుంది? డాక్టరు దగ్గర్నుంచి. డాక్టరు ముందుకి ఏమొస్తుంది? ఒక ఫారం వస్తుంది.

ఆ ఫారం నేను చూశాను. వాండర్బిల్ట్ ఫారం అంటారు. మా మనవడి బడి నుంచి ఇంటికొచ్చింది. వాడి సంగతి ఇక్కడ రాయను. వాడికి తల్లీ తండ్రీ ఉన్నారు, డాక్టరూ ఉంది. ఆ డాక్టరమ్మ నిదానస్థురాలు. తల్లిదండ్రులు నింపేదాంట్లో 55 ప్రశ్నలు. మొదటి తొమ్మిదీ పరధ్యానం గురించి, తర్వాతి తొమ్మిదీ కుదురులేనితనం గురించి. ఈ పద్దెనిమిదింటికీ నాలుగేసి గళ్లు: ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచు, చాలా తరచు. తొమ్మిదింట్లో ఆరు ‘తరచు’లు పడితే వ్యవహారం ముందుకు నడుస్తుంది. డైనింగ్ టేబుల్ మీద ఇంకో కాపీ ఖాళీగా పడి ఉంటే పెన్సిల్ తీసుకుని పైన ‘కాల్విన్, వయసు 6’ అని రాసి నింపడం మొదలెట్టాను.

కాల్విన్ ఎవరో తమకు చెప్పక్కర్లేదు. 1985 నవంబరు 18 నుంచి 1995 ఆఖరి రోజు దాకా మీ దేశపు పేపర్లలో రోజూ అల్లరి చేసినవాడు. చివరికొచ్చేసరికి 2,400 పేపర్లలో చేశాడు. బిల్ వాటర్సన్ గీసిన ‘కాల్విన్ అండ్ హాబ్స్’లో ఆ గడుగ్గాయి, వాడి పులి హాబ్స్. పక్కన ఎవరైనా ఉంటే ఆ పులి దూదిబొమ్మ. ఇద్దరే ఉంటే నిక్షేపంగా మాట్లాడే పులి. వీటిలో ఏది నిజమో వాటర్సన్ ఎన్నడూ తేల్చలేదు. 

‘మోటారు బిగించినట్టు తిరుగుతూనే ఉంటాడా?’ చాలా తరచు. ‘ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడా?’ చాలా తరచు, అదీ తప్పు జవాబు. ‘తన వంతు వచ్చేదాకా ఆగలేడా?’ వాడు ఆడే కాల్విన్‌బాల్‌లో వంతులే లేవు, నియమాలు ఆడుతూ ఆడుతూ పుడతాయి. అయినా ‘చాలా తరచు’ గడిలోనే గీత పెట్టాను. ‘ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే వినిపించుకోనట్టు ఉంటాడా?’ పులి మాట్లాడితే వింటాడు, కానీ ఆ గడి లేదు. ‘కూర్చోవలసిన చోట లేచి వెళ్లిపోతాడా?’ ఇక్కడ పెన్సిల్ ఆగింది. ఒంటితో వెళ్లడు. టీచరు మిస్ వర్మ్‌వుడ్ కూడిక లెక్క అడిగిన క్షణాన వాడు అంతరిక్ష వీరుడు స్పేస్‌మన్ స్పిఫ్ అయిపోతాడు. టీచరు పచ్చటి గ్రహాంతర రాక్షసి అవుతుంది. కుర్చీ మాత్రం తరగతిలోనే ఉంటుంది, కుర్చీలో పిల్లాడూ ఉంటాడు. దీన్ని ఏ గడిలో వేయాలి?

మొత్తానికి ఆ పద్దెనిమిది ప్రశ్నల్లో వాడు నెగ్గేశాడు. నా పాఠశాల అనుభవంలో ఇంత మంచి మార్కులు ఎవరికీ రాలేదు. పైగా వయసు ఆరు. మీ పిల్లల వైద్యుల సంఘం మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్లలోపైతే ముందు తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారట. ఆరు నిండితే శిక్షణతో పాటు మందూ వరుసలోకి వచ్చేస్తుంది. కాల్విన్‌ది ఆ వయసే, పదేళ్లూ అదే వయసు.

వాడి దగ్గర ఒక అట్టపెట్టె ఉంది. బోర్లిస్తే మనిషిని పులిగా మార్చే యంత్రం. పక్కకి తిప్పి పెడితే ఒకణ్ని ఇద్దర్ని చేసే యంత్రం. మూతి పైకి పెడితే కాలయంత్రం. ఒకే పెట్టె, మూడు రకాలుగా పెట్టడం. ఒకే ఘనాన్ని తిప్పి తిప్పి చూడ్డం పిల్లలకు నేర్పలేక చాక్‌పీసులు అరగదీసినవాణ్ని నేను. నా క్లాసులో ఉంటే వీడికి జామెట్రీలో నూటికి నూరు వేసేవాణ్ని, లెక్కల్లో సున్నా. ఆ రెండు అంకెలూ ఒకే పిల్లాడివని తెలిపే ప్రశ్న ఆ 55లో కనపడలేదు. చదువులో ఎలా ఉన్నాడు, తోబుట్టువులతో ఎలా ఉన్నాడు అని అడిగారు. పులి ఉందా అని అడగలేదు.

మాకూ ఇలాంటి ఒకడున్నాడు, బుడుగు. ముళ్లపూడి వెంకటరమణ రాసి, బాపు బొమ్మలేసి, 1956-57 నాటి ఆంధ్ర వారపత్రికలో వదిలిపెట్టారు. ప్రైవేటు మేష్టార్లని హడలగొట్టినవాడు. వాడికీ ఫారం నింపుదామనుకున్నాను గానీ ఆరేళ్లు నిండాయో లేదో తెలియక మానేశాను. చిన్నికృష్ణుణ్ని మాత్రం సాక్ష్యానికి తీసుకురాను. ఈ విషయం మీద మాట్లాడే ప్రతి ఉపన్యాసకుడూ ఆయన్ని వాడేశాడు.

ఇంకో సాక్ష్యాన్ని కూడా తీసుకురాను. ఫోన్లలో ఒక కార్టూను తిరుగుతుంటుంది. బిళ్ల వేసుకున్న కాల్విన్ బుద్ధిగా హోంవర్కు చేస్తుంటాడు, పక్కన హాబ్స్ ఉలుకూ పలుకూ లేని బొమ్మైపోతాడు. అది వాటర్సన్ గీసింది కాదు, ఎవరో అభిమాని అతికించింది. నాకది నచ్చలేదు. చూసినవాడి కళ్లు తడిపించి, మందిచ్చిన ప్రతి తల్లినీ దోషిగా నిలబెట్టే పని అది. మందు పనిచేయదని నేను రాస్తే అబద్ధమవుతుంది. 1937లోనే రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు, వైద్య పరీక్షల తర్వాత వచ్చే తలనొప్పి తగ్గుతుందేమోనని పిల్లలకు ఇదే కోవకి చెందిన బెంజిడ్రిన్ ఇస్తే, వాళ్లలో దాదాపు సగం మంది చదువులో ఉన్నట్టుండి కుదుటపడ్డారు. పిల్లలే వాటికి ‘లెక్కల మాత్రలు’ అని పేరు పెట్టారట. నా వృత్తికి ఇంతకన్నా పోటీ ఏం కావాలి? వాక్యం మొదలుపెట్టి ముగించలేని పిల్లలు, రోడ్డు మీదికి పరుగెత్తే పిల్లలు, రోజంతా తిట్లు తిని తమని తామే అసహ్యించుకునే పిల్లలు ఉంటారు. వాళ్లకి బిళ్ల ఇవ్వకపోవడమే పాపం. మా బళ్లలో వాళ్లకి ఏం ఇచ్చేవాళ్లో తమకు తెలియదు: గోడకుర్చీ, తొడపాశం, కోదండం. వాటికి కోటా కూడా ఉండేది కాదు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్లు నిండితేనే బడిలో చేర్చుకునే రాష్ట్రాల్లో ఆగస్టులో పుట్టిన పిల్లల్నీ, సెప్టెంబరులో పుట్టినవాళ్లనీ పోల్చారు. ఆగస్టువాడు క్లాసులో అందరికన్నా చిన్న. సెప్టెంబరువాడు ఏడాది ఆగి చేరతాడు గనక అందరికన్నా పెద్ద. ఏడీహెచ్‌డీ ఉందని తేల్చింది ఆగస్టు పిల్లల్లో పదివేలకు 85 మందికి, సెప్టెంబరు పిల్లల్లో 64 మందికి. ఇరవైయొక్క మంది తేడా. వీళ్ల జబ్బు పుట్టినరోజు! ఆరేళ్లవాడి పక్కన ఐదేళ్లవాణ్ని కూర్చోబెట్టి, వీడు ఐదేళ్లవాడిలా ఉన్నాడే అని ఫిర్యాదు చేసి, ఫారం నింపారు. మా వైపు ఈ జబ్బుకి మందు హెడ్మాస్టరు దగ్గరే ఉండేది. పిల్లాడు చిన్నవాడనుకుంటే పుట్టినతేదీ జరిపి రాసేసేవాడు. మా తరంలో సగంమందిమి రిజిస్టర్ల ప్రకారం జూన్, జులైల్లోనే పుట్టాం. మోసమే, కాదనను. గ్రాము మందు మాత్రం ఖర్చు కాలేదు.

అంటే ఆ ఇరవైయొక్క మందిలో తేడా పిల్లాడిది కాదు, వాణ్ని కూర్చోబెట్టిన చోటుది. ఈ చోటు సంగతి కాల్విన్‌ని గీసినాయనకి బాగా తెలుసు. పేపరువాళ్లు కామిక్స్‌ని ఏడాదికేడాది కుదిస్తూ పోయారు. ఆదివారం బొమ్మనైతే పై వరుస తీసిపారేసినా, గళ్లు అటూ ఇటూ మార్చినా పనికొచ్చేలా ముక్కలుగా గీయమన్నారు. అలాంటి డబ్బాల్లో స్పేస్‌మన్ స్పిఫ్ ఎక్కడికని ఎగురుతాడు? 1989లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో వాటర్సన్ మైకు ముందు నిలబడి ఈ గోడంతా వెళ్లబోసుకున్నాడు. 1991లో సెలవు పెట్టాడు. 1992 ఫిబ్రవరిలో తిరిగొచ్చేటప్పటికి ఆదివారం బొమ్మ ముక్కలు చేయడానికి వీల్లేని అరపేజీ అయింది. సంపాదకులు మండిపడ్డారు. కానీ చాలామంది చోటిచ్చారు. ఆ తర్వాతి ఆదివారాలు చూడండి, డైనోసార్లు పేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగెడతాయి. చోటు చాలకపోతే బొమ్మనే చిన్నది చేసుకోవాలని ఆయనకి తోచలేదు.

మీ బళ్లు మాత్రం సరిగ్గా ఆ పేపరువాళ్ల పనే చేశాయి. 2002లో బళ్లను పరీక్ష మార్కులతో కొలిచే చట్టం వచ్చాక చాలా జిల్లాల్లో ఆటల విరామం కోసి లెక్కలకీ చదవడానికీ అతికించారు. లెక్కల మేష్టారిగా ఆ కానుక నేను స్వీకరించలేను. ఫ్లోరిడాలో తల్లులు పట్టుబడితే గానీ, చిన్న తరగతుల పిల్లలకు రోజూ ఇరవై నిమిషాల ఆట ఇవ్వాలని 2017లో చట్టం రాలేదు. మమ్మల్ని చూసి నవ్వుకోనక్కర్లేదు, మా విజయవాడ, హైదరాబాదుల్లో అపార్టుమెంట్లనే బళ్లుగా మార్చి, ఆరో తరగతి నుంచే ఐఐటీకి పాఠాలు చెబుతున్నారు. లిఫ్టు పక్కన ఖాళీ ఉంటే అదే గ్రౌండు. మేం మీకన్నా వెనకబడి లేం, ఫారాలే ఇంకా అంతగా అందలేదు.

కావున తమకు నా విన్నపం. వచ్చే ఏడాది పట్టికలో మిథైల్‌ఫెనిడేట్ గ్రాముల పక్కన ఇంకో వరుస వేయించండి: ఆ మందు వాడే పిల్లల బళ్లలో రోజుకి ఎన్ని నిమిషాలు ఆటకి వదులుతున్నారు? దాని పక్కన మరొకటి: వాడేవాళ్లలో క్లాసుకల్లా చిన్నవాళ్లు ఎంతమంది? ఇవి మీ శాఖ పరిధిలోకి రావని కింది గుమాస్తా నోట్ పెడతాడు. నాకు తెలుసు, నేనూ ప్రభుత్వోద్యోగం చేసినవాణ్నే. నిమిషాలు తక్కువైన చోట గ్రాములు ఎక్కువ కనిపిస్తే ఆ కాగితాన్ని విద్యాశాఖకి పంపించండి. ‘తగు చర్య నిమిత్తం’ అని రాస్తే సరిపోతుంది. మా దగ్గరైతే అలాంటి కాగితాలు అక్కడే పడుంటాయి. మీ దగ్గర ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు.

నకళ్లు:
1. కాల్విన్ బడి ప్రిన్సిపాల్ స్పిటిల్ గారికి, సమాచార నిమిత్తం.
2. రిటైర్మెంటుకి ఇంకెన్నేళ్లో లెక్కపెట్టుకుంటున్న మిస్ వర్మ్‌వుడ్ గారికి, సానుభూతితో.
3. హాబ్స్‌కి, ట్యూనా శాండ్‌విచ్ జతపరచడమైనది.