‘బతుకే నేర్పించేసింది’: సటీకా తాత్పర్యము

మూలము:
“మేము పోర్చుగీసు పుస్తకాల్లో చదవలేదు మామా, బతుకే నేర్పించేసింది.”

అవతారిక: లిస్బన్‌లో కాపురముండి, సెలవులకు తిరుపతి వచ్చిన ఒకానొక సాఫ్ట్‌వేరు గృహస్థు బైరాగిపట్టెడలో బంధువుల యెదుట, రెండవ వడ ముగించి సెలవిచ్చిన వాక్యమిది. ఇట్టివి విన్నప్పుడు సభ తల యూపవలెనని సంప్రదాయము. ఊపితిమి. ఆ సాయంకాలమే నాలుగుమార్లు ఊపవలసి వచ్చినందున ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము: ‘పుస్తకాల్లో’, ‘చదవలేదు’ అనునవి సుగమములు, ఆయన విషయమున బాల్యము నుండి ప్రసిద్ధములు. ‘మామా’ అనగా నేను, గత్యంతరము లేని శ్రోత.

‘పోర్చుగీసు’: ఇచట కొంత విస్తరింపక తప్పదు. మన సీమకు ఈ భాష కొత్త కాదు. 1598లో శాంథోము నుండి జెసూట్ పాదిరీలు చంద్రగిరికి, వేంకటపతి రాయల కొలువునకు వచ్చిరి. లిస్బన్ ఓడలెక్కి వచ్చిన వారికి మన గడ్డపై తెలుగు నేర్వవలసిన అగత్యము కలిగెను. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కుంఫిణీకి చెన్నపట్నపు నేల నిచ్చెను. అప్పటికి రేవులలో బేరసారములు నడుచునది విరిగిన పోర్చుగీసులోనే. అందుచేత 1698 నాటి కుంఫిణీ పట్టాలో, కోఠీలకు వచ్చు మతబోధకులు ఏడాది లోపల పోర్చుగీసు నేర్వవలెనని షరతు వ్రాసిరి. గడువును గమనింపుడు. బతుకు నేర్పునులెమ్మని కుంఫిణీవారంతటివారు కూడ ఊరకుండలేదు. ఆ పట్నముననే బేరి తిమ్మన్న వంటి దుబాసీలు ఇరుపక్షముల మాటలు మోసి, దానితోపాటు వర్తకమున సిరియు గడించిరి.

దుబాసీ అనగానే స్ఫురించినది. ఈ కుటుంబమునకును ఒక దుబాసీ కలదు. వయస్సు తొమ్మిది. ఆరోగ్య కేంద్రములో తల్లి కడుపునొప్పిని వైద్యురాలికి విన్నవించునది ఆ పిల్లయే. జీతము లేదు. తొమ్మిదేళ్ళ బిడ్డ నోట చెప్పించలేని బాధలు కొన్ని ఉంటాయి. వాటిని ఆ తల్లి చెప్పకుండానే ఇంటికి తెచ్చుకుంటుంది.

ప్రకృతము ననుసరింతము. ‘మేము’: వాక్యమునకు ప్రాణమిదే, దోషమును ఇదే. గృహస్థుని కచేరీ సమస్తము ఇంగ్లీషున నడుచును. పొద్దున్నే రొట్టెల అంగడి వరుసలో నిలుచునది ఇల్లాలు. రొట్టెను అచట ‘పాఁవ్’ అందురు. చిన్నయసూరి సూత్రములు వ్రాసి నిలిపిన అరసున్న మన నోళ్ళలో ఏనాడో అంతరించి, పోర్చుగీసు రొట్టెలో మాత్రము సుఖముగా నున్నది. దానిని వదలి పలికినచో అంగడివాడు కర్ర యడిగితివని నవ్వును. మన పండితులు వ్రాతలో ఉంచవలెనా తీయవలెనా యని తగవులాడిన ఆ అరసున్నను ఈమె వెనుక జనము గొణుగుచుండగా ముక్కుతో సాధించినది. ‘మేము’ సాధించినామని సభలో చెప్పినది ఆయన.

‘బతుకే నేర్పించేసింది’: ఏవకారముచేత తక్కిన గురువులందరును తోసివేయబడిరి. అక్కడి సర్కారు వలస వచ్చినవారికి రుసుము లేకుండ భాష నేర్పు తరగతులు పెట్టినది. పౌరసత్వము కావలెనన్న భాషలో ఏ2 అను ప్రాథమిక స్థాయి వచ్చినట్లు చూపవలెను. ఆ తరగతి పత్రము అందుకు చాలును. మరి ఎందుకు పోలేదని ఆమెను అడిగితిని. “సాయంత్రం పూట పెడతారు. వంటెవురు చేసేది?” అన్నది. అప్పుడాయన చట్నీ వడ్డించుకొనుచుండెను.

గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే అవ్వ తమిళమున ధర చెప్పి, కన్నడమున తగ్గించి, హిందీలో చిల్లర లేదనును. అవసరము భాష నేర్పునన్నది నిజమే. అయితే అది ధర చెప్పడానికి, రొట్టె అడగడానికి సరిపడా నేర్పి చాలించుకుంటుంది. ఆసుపత్రి కాగితం చదవడానికి, బడిలో టీచరుతో వాదించడానికి ఎవరైనా కూర్చోబెట్టి నేర్పాల్సిందే.

తాత్పర్యము: గృహస్థునకు పోర్చుగీసు రాలేదు. ఇల్లాలికి సగము వచ్చినది, బిడ్డకు పూర్తిగా వచ్చినది. మిగిలిన సగము కొరకు ఆమెను తరగతికి పంపి, ఆ సాయంత్రములు ఆయన పొయ్యి దగ్గర నిలువవలెను. ఇది వ్యాఖ్యాత మతము. మామ ఆజ్ఞయును ఇదియే.