అరవయ్యో అంగుళం దాటాక

మొదట నేను చేరిన చోట నా ఒంట్లో సగం కూడా వాడుకలోకి రాలేదు. బంజారాహిల్స్‌లో ఒక డిజైనర్ స్టూడియో అది. సికింద్రాబాద్ జనరల్ బజారులో హుక్కులు, జిప్పులు, కాన్వాసు కొన్నప్పుడు వాటితో పాటు నన్నూ తెచ్చారు. నాకు ఒక పక్క 60 అంగుళాలు, రెండో పక్క 150 సెంటీమీటర్లు, రెండు కొసలకీ రేకు ముక్కలు. ప్లాస్టిక్ పూత లోపల గాజు పోగులున్నాయి కాబట్టి లాగినా సాగను. కొలత టేపుకి అంతకన్నా గొప్ప గుణం అక్కర్లేదు.

ఆ స్టూడియోలో నేను కొలిచేది దాదాపు ఒకే ఒంటిని. ఛాతీ 34, నడుము 26, సీటు 36. దాన్ని శాంపిల్ సైజు అనేవాళ్ళు. గుడ్డ బొమ్మది అదే కొలత, ఫొటోలకి వచ్చే మోడల్‌దీ అదే కొలత. ఏ కొత్త డిజైనైనా ముందు ఆ ఒంటి మీదే పుట్టేది. తర్వాత కాగితం ప్యాటర్న్‌ని చుట్టూ కాస్త కాస్త పెంచుతూ ఎం, ఎల్, ఎక్స్ఎల్ గీసేవాళ్ళు. ఆ పనిని గ్రేడింగ్ అంటారు. అక్కడ గ్రేడింగ్ ఎక్స్ఎల్‌తో ఆగిపోయేది. రోజూ వేళ్ళు రాసుకుని నా మీద 26, 34, 36 అంకెలు మసకబారాయి. 45 దాటిన అంకెలు మాత్రం కొన్ననాటి నలుపుతోనే ఉండేవి.

ఒకసారి ఒక తల్లీకూతుళ్ళు వచ్చారు. పెళ్ళి అమ్మాయిది. ఆమెకి లెహంగా కొలతలు తీసుకున్నాక, తనకీ రిసెప్షన్‌కి ఒక పొడుగు గౌను కావాలని తల్లి అడిగింది. అసిస్టెంటు ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఆంటీ, ఆ కట్ మీకు సెట్ అవ్వదు, చీర అయితే బాగుంటుంది కదా" అంది. నన్ను మెడలోంచి తియ్యనైనా లేదు. ఒంటిని కొలవకుండానే సరిపోదని ఎలా తెలుస్తుంది? ఆమె మరో మాట మాట్లాడకుండా కూతురి దుపట్టా రంగు చూడ్డంలో పడింది. నా వరకు అసలు అవమానం కొలిచి కాదనడంలో లేదు, కొలవకపోవడంలోనే ఉంది.

హైదరాబాద్‌లోని నిఫ్ట్ ఫ్యాషన్ కాలేజీలో చదువుకున్న ఒకమ్మాయి అక్కడ ప్యాటర్న్ కటింగ్ చేసేది. ఉద్యోగం మానేసిన రోజు తన కత్తెర, మార్కింగ్ చాక్‌పీసు సర్దుకుంటూ నన్ను కూడా సంచిలో వేసుకుంది. అలా మల్కాజిగిరిలో వాళ్ళ అత్త నడిపే లేడీస్ టైలర్ షాపుకి చేరాను. ముందు గదిలో రెండు మిషన్లు, గోడకి మేకులు, మేకులకి ఆది జాకెట్లు. నా అంకెలన్నిటికీ అక్కడే పని దొరికింది.

చీర ఎవరినీ సైజు అడగదు. ఐదున్నర మీటర్ల గుడ్డ, కుచ్చిళ్ళు రెండు తగ్గితే లావుపాటి మనిషికి, రెండు పెరిగితే సన్నపాటి మనిషికి. లోపలి లంగాకి బొందు ఉండనే ఉంది. అందుకే మన ఆడవాళ్ళకి చాలాకాలం సైజు గొడవంతా జాకెట్టు దగ్గరే ఉండేది. దాన్ని మనిషిని చూసి కుట్టే టైలరు వీధి చివరే ఉండేది. కుర్తీలు, గౌన్లు, రెడీమేడ్లు వచ్చాకే షాపులో అద్దం ముందు నిలబడి తన ఒంటిదే తప్పనుకోవడం మొదలైంది.

అత్త చేతిలో జాకెట్టు తయారవడం దగ్గరగా చూశాను. ఛాతీ 46 ఉన్న మనిషికి 34 ప్యాటర్న్‌ని అన్ని వైపులా సమానంగా పెంచితే భుజాలు జారతాయి, మెడ తెరుచుకుంటుంది, చెయ్యి మాత్రం బిగుస్తుంది. ఒళ్ళొచ్చినంత మాత్రాన భుజం ఎముక పెరగదు కదా! అత్త భుజానికి అర అంగుళమో ముప్పావో పెంచి ఆగుతుంది. చంక లోతు విడిగా, చెయ్యి లావు విడిగా చూసుకుంటుంది. ముందు టక్కులు లోతుగా పట్టి, ఒక్కోసారి నాలుగో టక్కు వేస్తుంది. ఛాతీ 46 ఉన్నవాళ్ళు ఇద్దరొస్తే ఇద్దరికీ రెండు కటింగులు, ఎందుకంటే ఒకరికి పొట్ట, మరొకరికి వీపు. పక్కన అంగుళమున్నర గుడ్డ లోపలికి వదిలి కుడుతుంది. కాన్పయ్యాక, మందులు వాడి ఒళ్ళు చేశాక అదే జాకెట్టు విప్పించుకోడానికి వస్తారు. అప్పుడు పక్కకుట్టు దగ్గర పాత దారం గుర్తులు వరసగా కనిపిస్తాయి. ఆ గుర్తుల్లో ఒక మనిషి పదేళ్ళ ఒంటిని చదువుకోవచ్చు.

ఒక మధ్యాహ్నం ఒకావిడ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి లాంగ్ ఫ్రాక్ కుట్టించుకోవాలని గుడ్డ పట్టుకుని వచ్చింది. వచ్చీ రాగానే, "అక్కా, నీ టేపు చాలదేమో" అని తనే అనేసింది. చాలామంది కొలతలప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఈవిడా అలాగే నిలబడింది. సీటు దగ్గర చుట్టు పూర్తికాకముందే నేను అయిపోయాను. అత్త నా కొస ఆగినచోట బొటనవేలు నొక్కిపెట్టి, అక్కణ్ణుంచి మళ్ళీ నన్ను పరిచి, "అరవై, ఇంకో నాలుగు" అని పుస్తకంలో రాసుకుంది. "టేపు పొట్టిది వదినా, నువ్వు ఊపిరి వదిలి నిలబడు, లేకపోతే కూర్చున్నప్పుడు పట్టేస్తుంది" అంది. అరవైతో ఆపాలని నిర్ణయించింది నన్ను తయారుచేసినవాళ్ళు. ఆమె ఒళ్ళు ఎవరి హద్దూ మీరలేదు.

ఈ హద్దులు ఎక్కణ్ణుంచి వచ్చాయో సాయంత్రాలు హుక్కులు కుడుతూ నన్ను తెచ్చిన ఆ అమ్మాయి, అంటే అత్తకి మేనకోడలు, అత్తకి చెబుతుంటే విన్నాను. 1939, 40 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని, ఒక్కొక్కరివి 59 కొలతలు చొప్పున కొలిపించింది. తెల్లవాళ్ళు కానివాళ్ళ కొలతలు లెక్కలోకి తీసుకోలేదు. ఆ లెక్కల మీద 1958లో సైజుల ప్రమాణం వచ్చింది. అది మనుషులకి సరిపోవడం లేదని 1983లో ఎత్తేశారు. మన బ్రాండ్లయితే విదేశీ చార్టులనే కాస్త మార్చుకుని నడిపాయి. మనవాళ్ళ కొలతలు మనమే తీసుకోవాలని నిఫ్ట్ 'ఇండియాసైజ్' పేరుతో హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని పెట్టుకుంది. అత్త అంతా విని, "మన ఒళ్ళు ఎవరూ చూడకుండానే ఇన్నాళ్ళూ లార్జ్, మీడియం అని రాసేశారా!" అని నిట్టూర్చింది.

డిజైనర్లు అన్ని సైజులకీ కుట్టాలా అంటే, కుట్టాలనే అంటాను. అటు చెప్పే మాటలూ స్టూడియోలో వినే ఉన్నాను. ఒక్కతే షాపు నడుపుకునే ఆమె ప్రతి డిజైనూ పది సైజుల్లో కుట్టి అల్మారాలో పెట్టుకోలేదు. పెట్టుబడి ఇరుక్కుపోతుంది. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఆర్డరు మీద కుట్టే చోట ఆ మాట చెల్లదు. గుడ్డ ఎక్కువ పడుతుందంటారు. జాకెట్టుకి పావు మీటరో ఇంకాస్తో ఎక్కువ పడొచ్చు. మగ్గం వర్క్‌కి వేలకి వేలు తీసుకునే చోట ఆ పావు మీటరు ఎంత? పెద్ద సైజుకి అదనంగా వసూలు చేసేవాళ్ళు ఎక్స్ఎస్ అమ్మాయికి ధర తగ్గించడం నేనెక్కడా చూడలేదు. ఆ అమ్మాయికీ న్యాయం జరగడం లేదు మరి. నాలుగడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి రెడీమేడ్ కుర్తీ భుజం మోచేతి వైపు జారుతుంది. అన్ని సైజులంటే ఆమె కూడా.

లావు మనిషి మీద గుడ్డ అందంగా పడదన్నది కుట్టడం రాని మాట. 2016లో హాలీవుడ్ నటి లెస్లీ జోన్స్ తన సినిమా ప్రీమియర్‌కి బట్టలిచ్చేందుకు ఏ డిజైనరూ ముందుకు రావడం లేదని బాహాటంగా చెప్పింది. క్రిస్టియన్ సిరియానో అనే డిజైనరు నేను చేస్తానన్నాడు. అతను కుట్టిన ఎర్ర గౌనులో ఆమె రెడ్ కార్పెట్ మీద నడిచిన ఫొటో కోడలి ఫోనులో ఉంది. ఆ భుజాల దగ్గర గుడ్డ కూర్చున్న తీరు చూస్తే, ముందు ఆమె ఒంటిని చక్కగా కొలిచారని నాకు అర్థమైంది.

కోడలు ఇప్పుడు సొంతంగా కుర్తీలు మొదలుపెడుతోంది. 34ని పెంచుకుంటూ పోవడం మానేసింది. 34కి ఒకటి, 42కి ఒకటి, 50కి ఒకటి, మూడు మూల ప్యాటర్న్‌లు విడివిడిగా గీస్తోంది. మూడింటికీ వీధిలోవాళ్ళనే పిలిచి తొడిగి చూస్తోంది. నిన్న 50 నమూనా తొడుక్కున్న పక్కింటి పిన్నిగారు చెయ్యి పైకెత్తితే కుర్తీ మొత్తం పైకి లేచింది. కోడలు చేతి భాగం విప్పి నన్ను అందుకుంది. "చెయ్యి వెడల్పు చేసింది చాలు, చంక పట్టీ వెయ్యి" అంది అత్త మిషను మీంచి తల తిప్పకుండా. "పట్టీ వేస్తే బయటికి కనబడుతుంది కదత్తా?" అంది కోడలు. "కనబడితే ఏం, అదే డిజైనని వెయ్యి. పిన్నిగారూ, మరోసారి చెయ్యెత్తండి."